వాడిన వంటనూనె నుంచి బయోడీజిల్, సబ్బు, గ్లిజరిన్: చిన్న యూనిట్‌కు సమగ్ర మార్గదర్శి

మిర్చి బజ్జీల బండి, హాస్టల్ వంటశాల, స్వీట్ల దుకాణం. ఎక్కడైనా రాత్రి పని ముగిసేసరికి మూకుట్లో నల్లబడిన నూనె మిగులుతుంది. కొందరు దాన్ని కాలువలో పారబోస్తారు. కొందరు మర్నాడు కొత్త నూనెలో కలిపి మళ్ళీ మరిగిస్తారు. ఇంకొందరు డబ్బాల లెక్కన కొనుక్కెళ్ళే వాళ్ళకు అమ్మేస్తారు. అలా అమ్మిన దానిలో కొంత ఇంకో చవక బండి మీది మూకుట్లోకే చేరుతుంది. ఈ చివరిది ఆగాలి. ఆగాలంటే ఆ నూనెకు తిండి కాని వాడకం ఒకటి, డబ్బు తెచ్చేది, దగ్గర్లోనే దొరకాలి.

నూనె మరిగేకొద్దీ అందులో పోలార్ పదార్థాలు (నూనె విరిగిపోయి పుట్టేవి) పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదనే నిబంధన 2018 జూలై 1 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అదే ఏడాది ఆగస్టులో, వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్ళించడానికి ‘రూకో’ కార్యక్రమం మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు ఎంత కొన్నారో, ఎంత పారేశారో రికార్డు రాయాలని, మిగిలినదాన్ని గుర్తింపు ఉన్న సేకరణదారులకే ఇవ్వాలని 2019 మార్చి 1 నుంచి నియమం వచ్చింది. మీకు సొంతంగా యూనిట్ పెట్టే ఉద్దేశం లేకపోతే చేయాల్సింది ఇంతే: గుర్తింపు ఉన్న వాళ్ళకే నూనె ఇచ్చి, పరిమాణం రాసిన రసీదు తీసుకుని దాచుకోండి.

ఇంజనీరింగ్ కాలేజీలు, పెద్ద హాస్టళ్ళు, క్యాటరింగ్ సంస్థలు, స్వయం సహాయక సంఘాల కోసం ఈ మార్గదర్శి. ఒక మాట ముందే గట్టిగా చెప్పాలి. మంచి ఇంధనం రియాక్టర్‌లో, అంటే రసాయన చర్య జరిపే పాత్రలో, తయారవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని నాణ్యత అంతకుముందే, నూనెను వేరు చేసి, ఆరబెట్టి, పరీక్షించే దగ్గరే తేలిపోతుంది. ప్రతి నూనెనూ డీజిల్ చేయనక్కర్లేదు. కొంత నూనె సబ్బుకే మేలు. ఏది దేనికో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

ఏ నూనె పనికొస్తుంది

వేపుళ్ళు చేసిన పామాయిల్, పొద్దుతిరుగుడు, తవుడు నూనె, వేరుశనగ నూనె అన్నీ పనికొస్తాయి. మాంసం కొవ్వు కలిసినా ఫర్వాలేదు. కాకపోతే పామాయిల్‌ను వేరే డ్రమ్ములో ఉంచండి. దానితో చేసిన బయోడీజిల్ సుమారు 13 నుంచి 16 డిగ్రీల దగ్గరే మబ్బుగా మారి చిక్కబడుతుంది. విజయవాడ వేసవిలో ఇది తెలియదు. ఆదిలాబాద్, లంబసింగి చలికాలంలో ఫిల్టరు మూసుకుపోతే అప్పుడు తెలుస్తుంది.

నూనె రిఫైనరీల్లో మిగిలే సోప్ స్టాక్, యాసిడ్ ఆయిల్, పామ్ ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేట్ కూడా మంచి ముడిసరుకులే. కాకినాడలో వంటనూనె రిఫైనరీలూ ఉన్నాయి, పెద్ద బయోడీజిల్ కర్మాగారమూ ఉంది. కానీ ఈ ముడిసరుకుల్లో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు (నూనె అణువు నుంచి ఊడి విడిగా ఉన్నవి) మరీ ఎక్కువ. ముందు గంధకామ్లంతో ఒక దశ, ఆ తర్వాతే క్షారంతో రెండో దశ నడపాలి. అది తగిన పరికరాలున్న ఫ్యాక్టరీ పని. చిన్న యూనిట్ దాని జోలికి పోకపోవడమే మంచిది.

వాడిన ఇంజన్ ఆయిల్‌ను ఈ డ్రమ్ముల దరిదాపుల్లోకి రానివ్వకండి. అది ఖనిజ తైలం, ఈ రసాయన చర్యలో పాల్గొనదు. అందులో లోహపు రేణువులు, అడిటివ్‌లు ఉంటాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. వాళ్ళు నీరు, తేలిక ఇంధనాలు తీసేసి, శూన్య పీడనంలో స్వేదనం చేసి, మళ్ళీ కందెన నూనెగా మారుస్తారు. ఒక లీటరు ఇంజన్ ఆయిల్ పొరపాటున కలిసినా ఆ డ్రమ్ము మొత్తం ఇక సబ్బుకూ పనికిరాదు, ఇంధనానికీ పనికిరాదు.

లోపల జరిగేది

నూనె అణువులో ఒక గ్లిజరిన్, దానికి తగులుకుని మూడు కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. క్షారం సాయంతో మిథనాల్ అనే ఆల్కహాల్ ఆ మూడింటినీ విడదీసి తనకు కలుపుకుంటుంది. అలా వచ్చిన మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. విడిపోయిన గ్లిజరిన్ బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది. లెక్క ప్రకారం 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మిథనాల్ చాలు. చర్య పూర్తిగా ముందుకు నడవాలంటే దాదాపు రెట్టింపు పోయాలి.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. నూనెను నేరుగా పోసినా ఇంజన్ తిరుగుతుంది, కానీ చిక్కదనం వల్ల నాజిళ్ళలో మసి పేరుకుంటుంది. ఆ చిక్కదనాన్ని తగ్గించడానికే నూనెను ఎస్టర్‌గా మార్చే పద్ధతి పుట్టింది. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ 1937లో దీనికి బెల్జియంలో పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు మనం చేసేది ఆ పనే.

చోటు, భద్రత

మిథనాల్ విషం. కొన్ని మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా లోపలికి ఇంకుతుంది. పగటి వెలుగులో దాని మంట దాదాపు కనిపించదు. అందుకే ఇంట్లో, వంటశాలలో, నివాసాల పక్కన ఈ పని వద్దే వద్దు. మూడు వైపులా తెరిచిన షెడ్డు, పొయ్యి మంట లేకుండా విద్యుత్తుతో వేడిచేసే ఏర్పాటు, నిప్పురవ్వలు రాని మోటారు ఉండాలి. మామూలు కార్ట్రిడ్జ్ మాస్కులు మిథనాల్ ఆవిరిని సరిగా ఆపవు కాబట్టి మూత బిగించిన పాత్రలు, బాగా గాలి ఆడే చోటు మీదే ఆధారపడాలి. బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు, ముఖమంతా కప్పే షీల్డు, పక్కనే ధారగా నీళ్ళు, ఆల్కహాల్ మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండరు అమర్చుకోండి. ఎవరి నోట్లోకి పోయినా, తల తిరిగినా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ‘మిథనాల్’ అని స్పష్టంగా చెప్పాలి. దానికి వేరే విరుగుడు మందు ఉంటుంది.

పాత్రలు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డబ్బాలు గానీ అయి ఉండాలి. అల్యూమినియం, జింకు పూతవి వాడకూడదు, క్షారం వాటిని తినేస్తుంది. మిథనాల్ నిల్వకు లైసెన్సు కావాలి. షెడ్డు కట్టకముందే కాలుష్య నియంత్రణ మండలి, అగ్నిమాపక శాఖ, జిల్లా అధికారులను కలిసి అనుమతులు తెచ్చుకోండి. కాలేజీలకు రసాయనశాస్త్ర విభాగం పేరు మీద ఈ పని కొంత తేలిక.

వడపోత, ఆరబెట్టడం

తెచ్చిన నూనెను ముందు స్టీలు జల్లెడలో, తర్వాత దట్టమైన నూలుగుడ్డలో వడగట్టండి. 60 డిగ్రీల దాకా వేడిచేసి రాత్రంతా కదపకుండా వదిలేస్తే నీరు, పిండి, మాడిన మసాలా అడుక్కు దిగుతాయి. పైనున్న తేటనే తీసుకోండి. అడుగున ఉన్న మడ్డిని పట్టుకుని పీకులాడవద్దు, దాన్ని పారేయడమే లాభం.

తర్వాత నూనెను 110 డిగ్రీల వరకు తీసుకెళ్ళి, నెమ్మదిగా కలుపుతూ బుడగలు ఆగేదాకా ఉంచాలి. నీరు మిగిలితే క్షారం దానితో కలిసి నూనెను సబ్బు చేస్తుంది. మీ బయోడీజిల్, గ్లిజరిన్ విడిపోకుండా పెరుగు గడ్డలా అయ్యిందంటే సగంసార్లు కారణం ఈ నీరే. పరీక్ష సులువు. పొడి గరిటెను 120 డిగ్రీలకు మించి కాల్చి, మీద ఒక చుక్క నూనె వేయండి. తాలింపులో తడి కరివేపాకు వేసినట్టు చిటపటమంటే ఇంకా తడి ఉంది. చప్పుడు లేకుండా పరుచుకుంటే ఆరింది. ఈ పరీక్షకు మిథనాల్ తాకని నూనెనే వాడాలి, అదీ మిథనాల్ డబ్బాలకు చాలా దూరంగా.

టైట్రేషన్: అసలు నిర్ణయం ఇక్కడే

నూనె ఎంత మరిగిందో రంగు చూసి చెప్పలేం. కారం, మసాలా వల్ల నల్లబడ్డ నూనెలో ఆమ్లం తక్కువ ఉండొచ్చు, బంగారు రంగులో మెరిసే నూనెలో ఎక్కువ ఉండొచ్చు. కొలవాల్సిందే. క్షార ద్రావణాన్ని చుక్క చుక్కగా వేసి ఆమ్లం ఎంతుందో తేల్చే ఈ కొలతే టైట్రేషన్. దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో సరిగ్గా 1 గ్రాము కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్, ఎరువుగా వాడే పొటాష్ కాదు) కరిగించండి. మీరు ఉత్ప్రేరకంగా వాడబోయే డబ్బాలోంచే ఆ గ్రాము తీయాలి, అప్పుడే దాని స్వచ్ఛత తేడా లెక్కలో కలిసిపోతుంది. చిన్న గాజు పాత్రలో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) వేయండి. అది దొరక్కపోతే పసుపును ఐసోప్రొపైల్‌లో నానబెట్టి తీసిన తేట వాడండి. క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుందని, పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. పైగా నల్లటి నూనెలో గులాబీ రంగు కంటే ఈ ఎరుపే బాగా కనబడుతుంది.

ముందు నూనె వేయకుండానే, రంగు అప్పుడే మారబోతోంది అనిపించేదాకా ఒకటి రెండు చుక్కల క్షార ద్రావణం వేసి ఆల్కహాల్‌లోని ఆమ్లాన్ని తటస్థం చేయండి. ఇప్పుడు సిరంజితో కచ్చితంగా 1 మిల్లీలీటరు గోరువెచ్చని నూనె అందులో వదలండి. మరో సిరంజితో క్షార ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ తిప్పండి. రంగు మారి 20 సెకన్లు నిలిచిందంటే ఆగి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఒక లీటరు నూనెలోని ఆమ్లాన్ని చంపడానికి ఎన్ని గ్రాముల పొటాష్ అదనంగా కావాలో ఆ అంకే చెబుతుంది. ఒక్కో మిల్లీలీటరు అంటే సుమారు అర శాతం స్వేచ్ఛా కొవ్వు ఆమ్లం.

నా సలహా ఇది. 3 లోపు వస్తే హాయిగా బయోడీజిల్ చేయండి. 3 నుంచి 5 మధ్య వస్తే కొంత దిగుబడి సబ్బుగా పోతుందని తెలిసే చేయండి, లేదా మంచి నూనె కలిపి సగటు తగ్గించండి. 5 దాటితే దాన్ని సబ్బు డ్రమ్ములోకి పంపించండి. ఈ గీత దగ్గర మొహమాటపడితే తర్వాత కడిగే దశలో రెండు రోజులు పోతాయి.

చర్య: 40 లీటర్ల ఉదాహరణ

ప్రతి కొత్త నూనెకు ముందు ఒక లీటరు నమూనాతో చేసి చూశాకే పెద్ద బ్యాచ్‌కు వెళ్ళండి.

40 లీటర్ల ఆరిన నూనె, టైట్రేషన్ 3 వచ్చిందనుకుందాం. ఆమ్లం లేని నూనెకు లీటరుకు 7 గ్రాముల స్వచ్ఛమైన కాస్టిక్ పొటాష్ కావాలి. మార్కెట్లో దొరికే రేకులు సుమారు 90 శాతం స్వచ్ఛత అయితే అది 8 గ్రాములు అవుతుంది. దానికి టైట్రేషన్ అంకె 3 కలిపితే లీటరుకు 11 గ్రాములు, మొత్తం 440 గ్రాములు. మిథనాల్ నూనె పరిమాణంలో 22 శాతం, అంటే సుమారు 9 లీటర్లు. కాస్టిక్ సోడా వాడితే తక్కువ బరువు సరిపోతుంది కానీ గ్లిజరిన్ గడ్డకట్టి కవాటం మూసుకుపోతుంది. అందుకే నేను పొటాష్ వైపే మొగ్గుతాను. దానికి ఇంకో లాభం కూడా ఉంది, గ్లిజరిన్ దగ్గర చెబుతాను.

పొటాష్‌ను మిథనాల్‌లో కొద్దికొద్దిగా వేయాలి, ఒకేసారి గుమ్మరించకూడదు. కరిగేటప్పుడు వేడి పుడుతుంది. మూత బిగించిన హెచ్‌డీపీఈ డబ్బాలో నెమ్మదిగా తిప్పుతూ, రేకు ఒక్కటి కూడా కనిపించనంత వరకు కరగనివ్వండి. ఈలోగా నూనె 55 డిగ్రీలకు చల్లారాలి. ఈ ఒక్క అంకె విషయంలో తొందర పనికిరాదు. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన నూనెలో ఆత్రంగా పోస్తే ఒక్కసారిగా ఆవిరై పేలుడు లాంటి ప్రమాదం జరుగుతుంది. థర్మామీటరు చూసే పోయండి.

మూసిన రియాక్టర్‌లోకి ద్రావణాన్ని వదిలి, 55 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటన్నర గట్టిగా కలపండి. తర్వాత హీటరు, మోటారు ఆపి రాత్రంతా వదిలేయండి. మర్నాటికి కింద ముదురు గోధుమ రంగు గ్లిజరిన్, పైన తేలికైన తేనె రంగు బయోడీజిల్ గీత గీసినట్టు విడిపోయి ఉంటాయి. అడుగు కవాటం తిప్పి గ్లిజరిన్‌ను చివరి చుక్క దాకా తీసేయండి.

కడగకముందే ఒక పరీక్ష. 3 మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేసి కుదిపి, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. మన ఎండల్లో అందుకు చల్లటి నీళ్ళ గిన్నెలో పెట్టాల్సి వస్తుంది. తేటగా నిలిస్తే నూనె బాగా మారింది. అడుగున చుక్కలు కూడితే మారని నూనె మిగిలింది. అప్పుడు బ్యాచ్‌ను మళ్ళీ వేడిచేసి, కొద్దిపాటి మిథనాల్, పొటాష్‌తో ఇంకోసారి నడపాలి. గ్లిజరిన్ తీసేశాం కాబట్టి ఈసారి చర్య ముందుకు సులువుగా సాగుతుంది.

కడగడం, ఆరబెట్టడం

బయోడీజిల్‌లో ఇంకా సబ్బు, మిథనాల్, పొటాష్ ఉంటాయి. గోరువెచ్చని నీటిని, ఇంధనంలో మూడో వంతు, పైనుంచి సన్నటి జల్లుగా పడనివ్వండి. మొదటి కడుగులో కలపకూడదు. కలిపితే సబ్బు నురగలో రెండూ చిక్కుకుని తెల్లగా గట్టిపడతాయి. అలా అయితే వేడిచేసి, కొంచెం ఉప్పునీరు పోసి ఓపికగా ఉండండి, విడిపోతుంది. నీరు దిగాక తీసేసి మళ్ళీ కడగండి. మూడు నాలుగు కడుగులకు అడుగు నీరు తేటగా వస్తుంది. నీళ్ళకు కటకట ఉన్నచోట, మిథనాల్‌ను ముందే తీసేసిన ఇంధనాన్ని రంపపు పొట్టు లేదా రెజిన్ నింపిన గొట్టం గుండా పంపి సబ్బును పట్టించే పొడి పద్ధతి ఉంది.

కడిగిన ఇంధనం మబ్బుగా ఉంటుంది. వెడల్పాటి స్టీలు పాత్రలో 55 డిగ్రీల దగ్గర తిప్పుతూ గాలి తగలనిస్తే కొన్ని గంటల్లో తేటపడుతుంది. గాజు సీసాలో పోసి వెనక దినపత్రిక పెట్టండి, చిన్న అక్షరాలు చదవగలిగితే ఆరినట్టు. సీసాలో సగం ఇంధనం, సగం నీరు పోసి గట్టిగా కుదపండి. కొద్ది నిమిషాల్లో రెండూ విడిపోయి మధ్య తెల్లటి పొర లేకపోతే సబ్బు పోయినట్టు.

ఇవి రోజువారీ పరీక్షలు. నిజమైన తీర్పు భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 ఇస్తుంది. దాని ప్రకారం ఎస్టర్ 96.5 శాతానికి తగ్గకూడదు, నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు, ఆమ్ల విలువ (ఒక గ్రాము ఇంధనంలోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి పట్టే కాస్టిక్ పొటాష్, మిల్లీగ్రాముల్లో) 0.50 మించకూడదు, సాంద్రత ఘనపు మీటరుకు 860 నుంచి 900 కిలోల మధ్య ఉండాలి. గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు నమూనా పంపితే ఈ లెక్కలు చేతికొస్తాయి. నూనెల మీద లోతైన పరిజ్ఞానం మన దగ్గరే ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ, అనంతపురంలో జేఎన్‌టీయూ నూనె సాంకేతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఈ రంగంలో ఉన్నాయి. విద్యార్థులు అక్కడి వాళ్ళను అడిగి నేర్చుకోవాలి.

గ్లిజరిన్, కడుగు నీరు

చాలా చిన్న యూనిట్లు చతికిలబడేది ఇక్కడే. ఇంధనం వాడుకుంటారు, గ్లిజరిన్ డబ్బాలు షెడ్డు వెనక పేరుకుపోతాయి. అందులో మిథనాల్ ఇంకా ఉంది. మూసిన పాత్రలో వేడిచేసి, కండెన్సరు గుండా చల్లబరిచి ఆ మిథనాల్‌ను వెనక్కి తీసుకోవాలి, తర్వాతి బ్యాచ్‌కు పనికొస్తుంది. తెరిచిన గిన్నెలో మరిగించడం ఆత్మహత్యా సదృశం. కండెన్సరు కొనే స్తోమత లేకపోతే ఆ గ్లిజరిన్‌ను శుద్ధి చేసే ఫ్యాక్టరీకి అమ్మేయండి.

మిథనాల్ తీసిన గ్లిజరిన్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం నెమ్మదిగా కలిపితే మూడు పొరలు వస్తాయి. పైన కొవ్వు ఆమ్లాలు, మధ్యలో ముడి గ్లిజరిన్, అడుగున పొటాషియం ఫాస్ఫేట్ లవణం. పొటాష్ వాడటంలో నేను చెప్పిన లాభం ఇదే. సోడా వాడితే నేలను పాడుచేసే సోడియం ఉప్పు మిగిలేది, ఇప్పుడు ఎరువుకు పనికొచ్చే లవణం మిగిలింది. కడిగి, పరీక్షించాకే పొలానికి వాడాలి.

కడుగు నీటిని కాలువలోకి వదలకండి. ఆమ్లం వేసి తటస్థం చేస్తే కొవ్వు పైకి తేలుతుంది, దాన్ని తీసి సబ్బు డ్రమ్ములో కలపండి. మిగిలిన నీటిని అనుమతించిన శుద్ధి వ్యవస్థకే పంపాలి.

పక్కన పెట్టిన నూనెతో బట్టల సబ్బు

టైట్రేషన్‌లో తప్పిన నూనెకు సమాన పరిమాణంలో ఉప్పునీరు పోసి ఒకసారి మరిగించి, విడిపోయాక తేట తీయండి. మాడు వాసన చాలావరకు పోతుంది. కిలో నూనెకు 128 గ్రాముల కాస్టిక్ సోడా, సుమారు 350 మిల్లీలీటర్ల నీరు. ఎప్పుడూ నీళ్ళలోనే సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. ద్రావణం 40 డిగ్రీలకు చల్లారాక గోరువెచ్చని నూనెలో సన్నధారగా పోస్తూ, గరిట లాగితే చార నిలిచేంత వరకు కలపండి. అచ్చుల్లో పోసి రెండు రోజులకు ముక్కలు కోసి, నాలుగు వారాలు గాలికి ఆరబెట్టండి. పామాయిల్ సబ్బు గట్టిగా వస్తుంది. పొద్దుతిరుగుడుది మెత్తగా ఉంటుంది, రెండూ కలిపితే మేలు. ఇది బట్టలకు, గిన్నెలకే, ఒంటికి వద్దు.

వాడకం, నిల్వ, అమ్మకం

ముందు పాత జనరేటర్‌లో, డీజిల్‌లో 5 శాతం కలిపి మొదలుపెట్టండి, సాఫీగా నడిస్తే 20 దాకా వెళ్ళొచ్చు. బయోడీజిల్ ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరుకు తెస్తుంది కాబట్టి మొదటి వారాల్లో ఫిల్టరు మార్చడానికి సిద్ధంగా ఉండండి. సహజ రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, వాటిని ముందే మార్చాలి. లీటరుకు శక్తి డీజిల్ కంటే దాదాపు 8 శాతం తక్కువ. వారంటీలో ఉన్న ట్రాక్టరులో కంపెనీ లిఖితపూర్వకంగా ఒప్పుకోకుండా పోయకండి.

సొంత వాడకం వేరు, అమ్మకం వేరు. డీజిల్‌లో కలపడానికి బయోడీజిల్ అమ్మడంపై కేంద్రం 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రమాణం అందుకోని ఇంధనాన్ని రోడ్డు పక్కన బయోడీజిల్ పేరుతో అమ్మితే అది నేరం. 2018 జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది కాబట్టి చట్టబద్ధంగా తయారుచేసే వాళ్ళకు గిరాకీకి లోటు ఉండదు.

నిల్వకు డ్రమ్మును అంచుదాకా నింపి, గాలి చొరకుండా బిగించి, నీడలో ఉంచండి. రాగి, ఇత్తడి కవాటాలు వాడితే ఇంధనం త్వరగా పాడవుతుంది. ప్రతి డ్రమ్ము మీదా తయారైన తేదీ, నూనె రకం, టైట్రేషన్ అంకె రాయండి. ఆరు నెలల్లోపు వాడేయండి. అంతకు మించి నిల్వ ఉంటే ఆమ్ల విలువ మళ్ళీ కొలిచి, 0.50 దాటిన డ్రమ్మును ఇంజన్‌కు వాడకుండా పక్కన పెట్టండి.